కుక్క కరిచిన మాట దాచవద్దు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసి, ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుక మీద ఉండగానే కుక్కకాటు ప్రసంగమేమిటని కొందరు నొచ్చుకోవచ్చును. అయినా ఇదే తగిన సమయమని మా అభిప్రాయం. మరికొన్ని వారాలలో బడులకు సెలవులు. మన పిల్లలు కొన్నాళ్లు ఈ తమిళనాటి వీధులలో, కొన్నాళ్లు తాతగారి ఊళ్లో ఆడుకుంటారు. ఇక్కడి కుక్కలు వారిని ఎరుగును, అక్కడివి ఎరుగవు.

మనుషులకు రేబిస్ సోకిన సందర్భాలలో నూటికి 99 వరకు కుక్కల వలననే. అనుమానించదగిన జంతువులు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏండ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇందులో వింత లేదు. పిల్లవాడు తింటున్న కుక్కను తాకుతాడు. ఈనిన కుక్క దగ్గరనుంచి కూనను ఎత్తుకొస్తాడు. పడుకున్నదాని తోక లాగుతాడు. పొట్టివాడు గనుక కాటు ముఖానికో మెడకో తగులుతుంది. ఈ రోగక్రిమి నరాల వెంట మెదడుకు ప్రాకుతుంది. తలకు దగ్గరైన కాటుకు అందుకే అంత భయం.

ఇంతకంటె పెద్ద ప్రమాదం ఒకటున్నది. పిల్లవాడు ఇంట్లో చెప్పడు. "దాని జోలికి పోవద్దన్నానా లేదా!" అని వీపు మీద ఒకటి పడుతుందని వాడి భయం. పిక్క మీద చిన్న గీరు, నాలుగు రోజులలో మానిపోతుంది. జబ్బు సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడుతుంది. నీళ్లు చూస్తే గొంతు పట్టేసి బెదిరిపోయే దశ వచ్చాక దాదాపు ఎవరూ బ్రతకరు. ఈ ఒక్క విషయానికి మాత్రం కొట్టబోమని పండుగనాడే పిల్లలకు మాట ఇవ్వండని తల్లిదండ్రులకు మా మనవి.

"మన వీధి కుక్కే కదా, కూనే కదా" అనే ధీమా కూడా మంచిది కాదు. టీకా పడని కూనకూ ఈ జబ్బు ఉండవచ్చును. పిల్లి, కోతి కరిచినా ఉపేక్షించరాదు. కరిచిన కుక్కను 10 రోజులు కనిపెట్టి చూడవలసిందే గాని, ఆ 10 రోజులూ సూది వేయించకుండా కూర్చోరాదు.

గాయానికి కారం, సున్నం, ఆకుపసరు, కాఫీపొడి పెట్టే అలవాటు మన ఇండ్లలో ఇంకా పోలేదు. పెద్దమ్మలు మా మీద కోప్పడినా సరే, అవన్నీ మానాలి. ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. తరువాత ఆస్పత్రికి. చర్మం చీరి రక్తం వస్తే టీకాతోపాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు వేస్తారు. అది అడిగి వేయించుకోవాలి.

బొడ్డు చుట్టూ 14 సూదులని జంకేవారు ఇప్పటికీ ఉన్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందును మన దేశంలో 2004తోనే ఆపివేశారు. ఇప్పటి సూది చేతికే. ఒకప్పుడు దక్షిణాదివారికి ఈ వైద్యం కావాలంటే 1900లో నెలకొల్పిన కసౌలి పాశ్చర్ సంస్థకు, హిమాలయాల దాకా పోవలసివచ్చేది. 1907లో కూనూరులో అటువంటి సంస్థ వెలసింది. ఇప్పుడు మనకు ప్రభుత్వాసుపత్రే చాలును. కొత్తగా పనికి వచ్చిన మనవారు భాష రాదని వెనుదీస్తారు. పాతకాపులు వెంట వెళ్లాలి. తమిళుల 'వెఱినాయ్' మన వెర్రికుక్కే కదా!

ఇక ప్రయాణాల మాట. మొదటి సూది పడిన రోజును సున్నగా లెక్కించి, చర్మంలోకి వేసే పద్ధతిలో 3, 7, 28 రోజులకు మళ్లీ వేస్తారు. కండలోకి వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. తాతగారి ఊళ్లో మొదలైన వరుస, సెలవులైపోయి రైలెక్కగానే మధ్యలో తెగిపోవడం మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు. మిగిలిన సూదులు ఏ ఊళ్లోనైనా వేయించవచ్చును. ఆస్పత్రివారిచ్చిన చీటీని రైలు టిక్కెట్టు పెట్టుకునే సంచిలోనే ఉంచండి. 28వ రోజు ఏ తేదీన పడుతుందో దానిమీదనే వ్రాయించుకొనండి.