ముందు చిట్టా, తర్వాతే ఆవర్జా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగంలో నేర్చుకున్నది ఏదైనా ఒక్కటి చెప్పు, పది నిమిషాల్లో ముగించు" అని కార్యదర్శి గారు ఆదేశించారు. నా ఉద్యోగం సర్వర్లను చూసుకోవడం. అందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని పని ఒకటుంది. అది లెక్క రాయడం. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఎంతసేపు ఉన్నారు, ఎంత డేటా వాడారు, ఏ ప్రోగ్రాము ఎంతసేపు నడిచింది, ఇవన్నీ సర్వరు రాసి పెట్టుకుంటుంది. దీన్ని మేం అకౌంటింగ్ అంటాం. ఈ లెక్కను ఎలా దాచాలి అని అడిగితే నేను చెప్పే మాట ఒకటే. ముందు మామూలు టెక్స్ట్ ఫైలులో రాయండి. ఆ తర్వాత ఏ డేటాబేసులో పెట్టుకున్నా మీ ఇష్టం.

ఇది కంప్యూటర్లు నేర్పిన సంగతి కూడా కాదు. మన బజారులో కొట్టు నడిపిన ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతారు. ఆయన దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగినట్టు, వరసగా పద్దులు పడేవి. ఆవర్జాలో ఒక్కొక్కరి పేరు మీద ఖాతా ఉండేది. రామయ్య ఎంత బాకీ అని చూడాలంటే ఆవర్జా తెరవాలి. కానీ ఆవర్జా చెద తింటే చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆవర్జాలోంచి పూర్తి చిట్టాను తిరిగి రాబట్టలేం. సర్వరు దగ్గర టెక్స్ట్ ఫైలు చిట్టా, డేటాబేసు ఆవర్జా.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లో ఈ పద్ధతి బాగా కనిపిస్తుంది. అందులో వాడకందారుల జాబితా ఒక టెక్స్ట్ ఫైలు. మనిషికి ఒక వరస, వరసలో ఏడు గడులు, గడికీ గడికీ మధ్య రెండు చుక్కల గుర్తు. ఈరోజు లైనక్స్ సర్వరులో కూడా ఆ ఫైలు అలాగే ఉంటుంది. 1973లో డగ్లస్ మెకిల్‌రాయ్ పట్టుదల వల్ల పైపు అనే సదుపాయం వచ్చింది. ఒక ప్రోగ్రాము ఇచ్చిన టెక్స్ట్‌ను నేరుగా ఇంకో ప్రోగ్రాముకు అందించవచ్చు. అందుకే గ్రెప్, సార్ట్, ఆక్ లాంటి చిన్న చిన్న పనిముట్లతో ఏ లెక్కనైనా వెతకవచ్చు, వరస పెట్టవచ్చు, కూడవచ్చు.

అదే యూనిక్స్ అన్నిటినీ టెక్స్ట్‌లో ఉంచలేదు. లాగిన్ల చరిత్రను డబ్ల్యుటిఎంపి అనే ఫైలులో బైనరీ రూపంలో రాస్తుంది. దాన్ని నేరుగా తెరిస్తే ఏమీ అర్థం కాదు, లాస్ట్ అనే ప్రోగ్రాము చదివి పెట్టాలి. చాలా లైనక్స్ సర్వర్లలో ఆ ఫైలులో సమయానికి ఇచ్చిన చోటు 32 బిట్లు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ పోతే, 2038 జనవరి 19న మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాలకు పాత పద్ధతిలో ఆ లెక్క పరిమితి దాటుతుంది. గడిని పెద్దది చేద్దామంటే పాత ప్రోగ్రాములు ఆ ఫైలును చదవలేవు. తేదీని అక్షరాల్లో రాసుకున్న ఫైలుకు ఈ బాధ లేదు. 2038 వచ్చినా, 2138 వచ్చినా రాసేవి నాలుగు అంకెలే.

ఇదంతా ఇంజనీర్ల గొడవ అనిపించవచ్చు. దాదాపు ఇరవై ఏళ్ల కిందటి ఒక సంగతి చెబుతాను. వాడిన డేటాను బట్టి బిల్లు వేసే ఒక ఇంటర్నెట్ సంస్థ వాళ్లు లెక్కలు చూడమని నన్ను పిలిచారు. పేరు అనవసరం. బాగా వాడే కొందరు ఖాతాదారులకు బిల్లు మరీ తక్కువ వస్తోంది. అనుమానం రాత్రి డ్యూటీ చేసే ఒక కుర్రాడి మీద పడింది. డేటాబేసులో మార్పులు చేసే అనుమతి అతనికి ఉంది. తక్కువ బిల్లు వచ్చినవాళ్లలో ఇద్దరు అతనికి తెలిసినవాళ్లు. ఇంటికి అతని జీతమే ఆధారం. "నేను ముట్టుకోలేదు సార్" అనడం తప్ప అతని దగ్గర వేరే రుజువు లేదు. డేటాబేసు చూస్తే అంకె తక్కువగానే ఉంది. అది ఎందుకు తక్కువైందో డేటాబేసు చెప్పదు.

అదృష్టం కొద్దీ అక్కడ చిట్టా ఉంది. ఇంటర్నెట్ సంస్థలు ఖాతాదారుల లెక్కకు రేడియస్ అనే పద్ధతి వాడతాయి. కనెక్షన్ మొదలైనప్పుడు ఒక కబురు, ముగిసినప్పుడు ఒక కబురు లెక్కల సర్వరుకు వస్తాయి. ఆ సర్వరులో ఫ్రీరేడియస్ నడుస్తోంది. అది వచ్చిన ప్రతి కబురునూ డిటెయిల్ అనే టెక్స్ట్ ఫైలులో రాస్తుంది. పైన తేదీ, కింద ఒక్కొక్క వరసలో ఒక్కొక్క వివరం. ఆ ఫైళ్ల నకళ్లు ఆ కుర్రాడికి అనుమతి లేని వేరే యంత్రంలో ఉన్నాయి.

వాటిని తెరిస్తే విషయం బయటపడింది. రేడియస్‌లో బైట్లు లెక్కపెట్టే అంకె కూడా 32 బిట్లదే. 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దాకా వెళ్లి మళ్లీ సున్నాకు వస్తుంది, పాత స్కూటర్ మీటరులాగా. ఎన్నిసార్లు తిరిగిందో గిగావర్డ్స్ అనే ఇంకో వరస చెబుతుంది. ఒకాయన ఒకే కనెక్షన్‌లో 500 కోట్ల బైట్లు వాడితే మొదటి వరసలో సుమారు 70 కోట్లే కనిపిస్తాయి, గిగావర్డ్స్ వరసలో 1 ఉంటుంది. బిల్లింగ్ ప్రోగ్రాము రాసినవాళ్లు డేటాబేసులో గిగావర్డ్స్‌కు గడే పెట్టలేదు. వచ్చిన వివరం అక్కడ చేరకుండానే పోయింది. టెక్స్ట్ ఫైలులో మాత్రం వచ్చింది వచ్చినట్టు ఉంది.

నాలుగు వరసల ఆక్ ప్రోగ్రాము రాసి ఆ నెల మొత్తం మళ్లీ కూడాం. కుర్రాడికి తెలిసిన ఇద్దరికే కాదు, ఎవరెవరి మీటరు తిరిగిందో వాళ్లందరికీ తేడా వచ్చింది. తేడా ప్రతిచోటా మీటరు ఎన్నిసార్లు తిరిగిందో సరిగ్గా అన్ని రెట్లు. మేనేజరు గారికి కంప్యూటరు పని పెద్దగా రాదు. అయినా కాగితం మీద అచ్చు తీసిన ఆ వరసలు ఆయనే చదివి, క్యాలిక్యులేటరు మీద ఆయనే సరిచూసుకున్నారు. కుర్రాడి ఉద్యోగం నిలిచింది. నా మాట నమ్మి ఉంచుకోలేదు, తన కళ్లతో చూసి ఉంచుకున్నారు. నేను టెక్స్ట్ ఫైలును పట్టుకు వేలాడడానికి కారణం అదే. నిందపడ్డవాడు, నిందవేసినవాడు ఇద్దరూ చదవగల లెక్క అది.

టెక్స్ట్‌కు లోపాలు లేవని అనను. చోటు ఎక్కువ తీసుకుంటుంది, అయితే కుదించితే బాగా తగ్గుతుంది. కోట్ల వరసల్లో ఒక్కటి వెతకాలంటే ఆలస్యం, అందుకు డేటాబేసు ఉండాల్సిందే. ఎవరైనా చదవగలరంటే ఎవరైనా దిద్దగలరని కూడా అర్థం. అందుకని కొన్ని నియమాలు పెట్టుకోవాలి. వరసలను చివర చేర్చడమే తప్ప పాతవి దిద్దకూడదు. చిట్టాలో పద్దు తప్పు పడితే గోకరు, కింద సవరణ పద్దు రాస్తారు కదా, అలాగే. రోజుకో ఫైలు ఉండాలి, పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ రాయాలి. అప్పుడు పేర్ల వరసే తేదీల వరస అవుతుంది. అంకె పక్కన అది బైట్లో కిలోబైట్లో, సెకన్లో నిమిషాలో స్పష్టంగా ఉండాలి. నకలు ఒకటి వేరే యంత్రంలో, వేరే మనిషి చేతిలో ఉండాలి. పాస్‌వర్డ్‌ల వంటి రహస్యాలు అందులో రాయనే కూడదు.

ఇది మన సంఘానికీ వర్తిస్తుంది. విరాళాల లెక్క, సభ్యుల జాబితా ఏ యాప్‌లో పెట్టుకున్నా, నెలకొకసారి మామూలు టెక్స్ట్‌లోకి దింపి ఇద్దరి దగ్గర ఉంచండి. తెలుగులో రాసేటప్పుడు యూనికోడ్‌లోనే రాయండి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దక్కింది. దాన్ని ఫైళ్లలో రాసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో రూపొందించిన ఇద్దరిలో ఒకరు ఇందాక చెప్పిన కెన్ థాంప్సనే, రెండోవారు రాబ్ పైక్. అంతకుముందటి ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. ఆ గతి మన సభ్యుల పేర్లకు పట్టకూడదు.

పిల్లలూ, మీలో కొందరు రేపు ప్రోగ్రాములు రాస్తారు. ఎవరి డబ్బుకో, ఎవరి పనికో సంబంధించిన లెక్క మీ చేతుల్లోకి వస్తుంది. ఆ లెక్క ఎవరి గురించో వాళ్లు అడిగినప్పుడు, మీ సాయం లేకుండా చదువుకోగలిగేలా రాసి పెట్టండి.