పడిసెమే గదా యనరాదు

వానకారు వచ్చిన, చుట్టమువలె పడిసెము గూడ మన యిండ్లకు వచ్చును. మిరియాల కషాయము త్రాగి, ఆవిరి పట్టి, నాలుగు దినములు ఓర్చుకొన్నచో వెడలిపోవును. కాని యితరులు దానమిచ్చిన మూత్రపిండముతోనో, కాలేయముతోనో, గుండెతోనో జీవించువారి విషయము వేరు. వారును, వారి యింటివారును ఎరుగదగిన సంగతులను కొన్నిటిని నేడు మనవి చేయదలచితిమి.

1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున డాక్టరు జోసెఫ్ మర్రే ఒక సోదరుని మూత్రపిండమును అతని కవల సోదరునకు అమర్చి కృతకృత్యుడయ్యెను. వారు ఏకరూప కవలలగుటచే ఆ శరీరము కొత్త అవయవమును పరాయిదిగా నెంచలేదు. తక్కినవారికి ఆ యదృష్టము లేదు. వారి శరీరము దానిపై దండెత్తును. దానిని వారించుటకే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మొదలగు మందులను నిత్యము వాడవలసి యుండును. కాని కావలివాని చేతులు కట్టివేసినప్పుడు దొంగకును దారి యేర్పడును గదా! ఆ దొంగయే వైరసు.

ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ మొదలగు వైరసులు ఇట్టివారి ముక్కునుండి ఊపిరితిత్తులకు సులభముగా దిగగలవు. శరీరమున వారముల తరబడి నిలువగలవు. వాని వెనుక బాక్టీరియా, బూజు జాతి సూక్ష్మజీవులు గూడ ప్రవేశింపవచ్చును. అన్నిటికంటె మోసకరమైన దేమనగా, పై మందుల ప్రభావముచే జ్వరము సైతము రాకపోవచ్చును.

మేమెరిగిన పెద్దమనిషి యొకరు అక్కగారిచ్చిన మూత్రపిండముతో ఆరేండ్లు సుఖముగా నుండిరి. ఒక వానకారున ముక్కు కారుట మొదలైనది. జ్వరము లేదుగదాయని ఐదు దినము లూరకుండి, ఆయాసము వచ్చిన పిమ్మట ఆసుపత్రికి జేరిరి. ప్రాణము దక్కినది గాని మూత్రపిండము కొంత బలము కోల్పోయినది. "నాకేమైనను సరే, అక్క యిచ్చినదానిని కాపాడలేకపోతిని" అని వారు కంట తడిపెట్టిరి. ఆ మాటయే నేటి యీ ప్రసంగమునకు మూలము.

కావున పడిసెము, దగ్గు, గొంతునొప్పి తోచిన దినముననే అవయవమార్పిడి చేసిన వైద్యులకు కబురు చేయవలెను. ముక్కునుండి నమూనా తీసి పరీక్షించినచో ఏ వైరసో తెలియును. ఇన్‌ఫ్లుయెంజా యని శంక కలిగినచో పరీక్షాఫలితమునకై వేచియుండక ఓసెల్టామివిర్ ఆరంభింతురు. రెండు దినములలోపల నారంభించుట శ్రేష్ఠము, ఆలస్యమైనను మానరాదు. దాని మోతాదు మూత్రపిండముల పనితీరును బట్టి యుండును. కోవిడ్‌కు వాడు మందులలో రిటోనవిర్ కలిసినది టాక్రోలిమస్‌ను రక్తమున ప్రమాదకరముగా పెంచును. కనుక ఏ వైద్యుని కడకేగినను, వాడుచున్న మందుల పట్టికను ముందుగా చూపవలెను. ఆయాసము కలిగినను, రక్తమున ప్రాణవాయువు తగ్గినను తెల్లవారుదాక ఆగరాదు.

నిత్యము వాడు మందులను తమంతట తాము మానరాదు, తగ్గింపరాదు. అవసరమైనచో వైద్యులే తగ్గింతురు. మందుల దుకాణమున నడిగి తెచ్చుకొను ఐబుప్రోఫెన్ మూత్రపిండమునకు చెరుపు. క్లారిత్రోమైసిన్ టాక్రోలిమస్‌ను పెంచును. రోగనిరోధక శక్తి పెరుగునని తిప్పతీగ రసము త్రాగుటయు తగదు. అణచి యుంచవలసిన శక్తిని రెచ్చగొట్టుట అవయవమునకే ముప్పు. తిప్పతీగ సేవించిన కొందరికి కాలేయము చెడినట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించి యున్నారు.

రాకముందే కాచుకొనుట మేలు. ఏటేట ఇన్‌ఫ్లుయెంజా టీకాను సూదిద్వారా వేయించుకొనవలెను. సజీవ వైరసుతో చేసి ముక్కున వేయు టీకా వీరికి పనికిరాదు. టీకా వేసినను వీరి శరీరమున రక్షణ కొంత తక్కువగనే కలుగును. అందుచే ఇంటిల్లిపాదియు టీకా వేయించుకొని, వీరిచుట్టును కోటగా నిలువవలెను. పడిసెము పట్టిన బంధువు పరామర్శకు రాకుండుటయే నిజమైన పరామర్శ.

దానముగా వచ్చిన అవయవము ఒకరి త్యాగమునకు గురుతు. దానిని నిలుపుకొనుటకు ఒక్కొక్కప్పుడు కావలసినది గొప్ప సాహసము కాదు; మొదటి తుమ్మునాడే వైద్యునకు పంపిన చిన్న కబురు.