జిరాక్స్ ఇస్తానని ఒరిజినల్ ఇచ్చేసిన కెర్నల్: డర్టీ కౌ కథ

ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది. కానీ చివరిదాకా ఉండండి, ఆఖర్లో మీ ఫోన్ తీసి ఒక తేదీ చూడాల్సి ఉంటుంది.

మన ప్రగతి నగర్‌లో ఏ హాస్టల్‌కి వెళ్లినా, ఏ మెస్‌లో కూర్చున్నా ఇంటర్వ్యూకి ప్రిపేర్ అయ్యేవాళ్లు ఇద్దరైనా కనిపిస్తారు. "రేస్ కండిషన్ అంటే ఏంటి?" అని అడగండి, రెండు లైన్ల డెఫినిషన్ టకటకా చెప్పేస్తారు. "సరే, అది నిజంగా ఎక్కడ జరిగింది? దానివల్ల ఎవరికి ఏమైంది?" అనండి. అక్కడ సైలెన్స్. అందుకే ఈరోజు ఒక నిజమైన బగ్ తీసుకుంటున్నా. లినక్స్ కెర్నల్‌లో, మెమరీ చూసుకునే కోడ్‌లో, తొమ్మిదేళ్లు దాక్కున్న బగ్. పేరు డర్టీ కౌ. మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని లోపల నడిచేది కూడా లినక్స్ కెర్నలే. కాబట్టి ఇది ఎక్కడో సర్వర్ రూమ్‌లో జరిగిన కథ కాదు.

ముందు రేస్ సంగతి. సంక్రాంతికి ఊరెళ్లడానికి ఆర్టీసీ బస్సు కోసం నిలబడ్డారు. బస్సు వచ్చింది. కిటికీలోంచి చూస్తే సీటు ఖాళీ. జనాన్ని తోసుకుని ఎక్కి అక్కడికి వెళ్లేసరికి ఎవరో కూర్చుని ఉన్నారు. మీరు చూసింది అబద్ధం కాదు, అప్పుడు అది ఖాళీయే. చూడటానికీ కూర్చోవడానికీ మధ్య పరిస్థితి మారిపోయింది. రేస్ కండిషన్ అంటే ఇంతే. చెక్ చేసింది ఒక క్షణం, పని చేసింది ఇంకో క్షణం, ఆ మధ్యలో ఇంకొకరు దూరారు.

దీనికి మనవాళ్ల సొల్యూషన్ ఏంటి? కిటికీలోంచి కర్చీఫ్ వేయడం. ప్రోగ్రామింగ్‌లో ఆ కర్చీఫ్‌ని లాక్ అంటారు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. కర్చీఫ్ పనిచేసేది అందరూ దానికి విలువ ఇచ్చినప్పుడే. తీసి పక్కన పడేసి కూర్చునేవాడు ఒక్కడున్నా అయిపోయింది. కెర్నల్‌లో కూడా అంతే. ఒక డేటాని ముట్టుకునే ప్రతి దారీ ఆ లాక్ నియమాన్ని పాటించాలి. ఒక్క దారి తప్పినా రేస్ వస్తుంది.

ఇప్పుడు మెమరీ. మీ ఫోన్‌లో ర్యామ్‌ని కెర్నల్ చిన్న చిన్న ముక్కలుగా చేసి పంచుతుంది. ఆ ముక్కని పేజీ అంటారు, మామూలుగా 4 కేబీ. ఒకే సిస్టమ్ లైబ్రరీని వంద యాప్‌లు వాడుతుంటే వంద కాపీలు పెట్టడం దండగ కదా. అందుకని ఒకే కాపీ పెట్టి అందరికీ అదే చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో అయితే ఇది ఇంకా ముఖ్యం. జైగోట్ అనే ఒక ప్రాసెస్ ముందే రెడీగా ఉంటుంది. మీరు యాప్ ఓపెన్ చేసినప్పుడు దాన్నే ఫోర్క్ చేసి కొత్త యాప్‌ని పుట్టిస్తారు. పిల్ల ప్రాసెస్ తల్లి పేజీలనే చూస్తూ మొదలవుతుంది.

మరి ఎవరైనా ఆ పేజీలో రాయాలనుకుంటే? అప్పుడే కాపీ ఆన్ రైట్ అనే పద్ధతి వస్తుంది. ఇంగ్లిష్‌లో మొదటి అక్షరాలు కలిపితే కౌ, అంటే ఆవు. జేఎన్‌టీయూ పక్కన ఉన్నాం కాబట్టి లైబ్రరీ ఉదాహరణే చెప్తా. లైబ్రేరియన్ దగ్గర రిఫరెన్స్ బుక్ ఒక్కటే ఉంది. "చదువుకో, ఎంతమందైనా చదువుకోండి. పెన్ను మాత్రం పెట్టొద్దు. రాసుకోవాలంటే ఆ పేజీ జిరాక్స్ తీసిస్తా, దానిమీద రాసుకో" అంటాడు. ఒరిజినల్ భద్రంగా ఉంటుంది, అనవసరంగా జిరాక్స్‌లూ తీయక్కర్లేదు. చాలా తెలివైన ఏర్పాటు.

డర్టీ కౌలో ఈ లైబ్రేరియన్‌ని ఎలా బోల్తా కొట్టించారో చూద్దాం. ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారనుకోండి. కెర్నల్ భాషలో ఒకే ప్రోగ్రామ్‌లో రెండు థ్రెడ్‌లు. మొదటివాడి పని ఒకటే, "ఈ పేజీలో రాయాలి" అని మళ్లీ మళ్లీ అడగడం. రెండోవాడి పని కూడా ఒకటే, "మా జిరాక్స్ మాకు అక్కర్లేదు, పారేయండి" అని మళ్లీ మళ్లీ చెప్పడం. అలా చెప్పడానికి ఎమ్‌అడ్వైజ్ అని ఒక సిస్టమ్ కాల్ ఉంది. రెండూ మామూలు యూజర్ చేయగలిగిన, రూల్స్ ప్రకారం ఒప్పుకున్న పనులే.

మొదటివాడు స్లిప్ ఇచ్చాడు. దానిమీద "రాయడానికి" అని టిక్ ఉంది. లైబ్రేరియన్ చూశాడు, ఒరిజినల్ మీద రాయనివ్వకూడదు, జిరాక్స్ తీశాడు. ఇప్పుడు ఆయన లెక్కలో పర్మిషన్ సంగతి సెటిల్ అయిపోయింది. అందుకని స్లిప్ మీది "రాయడానికి" అనే టిక్‌ని కొట్టేసి, పేజీ తెచ్చి ఇద్దామని మళ్లీ లోపలికి వెళ్లాడు.

సరిగ్గా ఆ గ్యాప్‌లో రెండోవాడి మాట పనిచేసింది. జిరాక్స్ చెత్తబుట్టలో పడింది.

లైబ్రేరియన్ వెళ్లి చూస్తే జిరాక్స్ లేదు. సరే, మొదటినుంచి చేద్దామని స్లిప్ చూశాడు. ఇప్పుడు దానిమీద "రాయడానికి" అనే టిక్ లేదు! మామూలుగా చదవడానికి అడిగినట్టు ఉంది. చదవడానికైతే జిరాక్స్ ఎందుకు, ఒరిజినల్ తెచ్చి ఇచ్చేశాడు. కౌంటర్ అవతల ఉన్నవాడు పెన్ను పట్టుకునే ఉన్నాడు. ఒరిజినల్ మీదే రాసేశాడు.

గమనించారా? ఏ ఒక్క స్టెప్ విడిగా చూసినా పెద్ద తప్పేం కనిపించదు. జిరాక్స్ తీయడం కరెక్టే, పారేయమంటే పారేయడం కరెక్టే, చదవడానికి ఒరిజినల్ ఇవ్వడం కరెక్టే. "జిరాక్స్ ఒకసారి తీశా కాబట్టి ఇంకా ఉండే ఉంటుంది" అన్న నమ్మకం ఒక్కటే తప్పు. ఆ గ్యాప్ చాలా చిన్నది, ఒక ప్రయత్నంలో దొరక్కపోవచ్చు. కానీ కంప్యూటర్‌కి విసుగు ఉండదుగా. లూప్‌లో లక్షసార్లు తిప్పితే ఒక్కసారి తగిలినా చాలు.

తగిలితే ఏమవుతుంది? రూట్ యూజర్‌కి తప్ప ఎవరికీ రాసే హక్కు లేని ఫైల్‌ని మామూలు యూజర్ మార్చేయగలడు. పాస్‌వర్డ్ ఫైల్ కావచ్చు, రూట్ పవర్‌తో నడిచే ప్రోగ్రామ్ కావచ్చు. అక్కడితో సిస్టమ్ మొత్తం వాడి చేతుల్లోకి వెళ్లినట్టే. మీ ఫోన్‌లో ఒక యాప్ ఇంకో యాప్ డేటా చూడకుండా ఉన్న గోడలన్నీ కెర్నల్ కట్టినవే. కెర్నలే మోసపోతే ఆ గోడలు నిలవవు.

ఇక దీని చరిత్ర. ఇలాంటి రేస్‌ని లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా 2005లోనే సరిచేయడానికి ప్రయత్నించాడు. కానీ ఆ ఫిక్స్ వల్ల ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్‌లు వాడే ఎస్390 ఆర్కిటెక్చర్‌లో సమస్య వచ్చి దాన్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాత 2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ నుంచి ఈ బగ్ వాడుకోవడానికి వీలుగా ఉండిపోయింది. 2016 అక్టోబర్‌లో ఫిల్ ఓస్టర్ అనే రీసెర్చర్ దీన్ని బయటపెట్టాడు. ఆయన కోడ్ చదివి కనిపెట్టలేదు. తన సర్వర్‌కి వచ్చే వెబ్ ట్రాఫిక్‌ని రికార్డ్ చేస్తూ ఉంటే, అందులో ఎవరో ఈ బగ్‌తో చేసిన దాడి దొరికింది. అంటే మంచివాళ్లకి తెలిసేసరికే చెడ్డవాళ్లు వాడేస్తున్నారు. దీనికి సీవీఈ-2016-5195 అని నంబర్ ఇచ్చారు.

ఫిక్స్ పెడుతూ లైనస్ రాసిన నోట్‌లో నాకు బాగా నచ్చిన పాయింట్ ఒకటి ఉంది. ఒకప్పుడు కేవలం థియరీలో ఉన్న ఈ రేస్, కెర్నల్ మెమరీ కోడ్ ఎక్కువ పనులు ఒకేసారి చేసేలా ఎదిగేకొద్దీ తగలడం సులువైంది అని. ఇది ఇంటర్వ్యూలో కాదు, ఉద్యోగంలో పనికొచ్చే మాట. "ప్రాక్టికల్‌గా జరగదులే" అని వదిలేసిన రేస్, ఎనిమిది కోర్ల ఫోన్ జేబులోకి వచ్చాక ప్రాక్టికల్‌గానే జరుగుతుంది.

ఫిక్స్ చూస్తే కొన్ని లైన్లే. స్లిప్ మీది "రాయడానికి" టిక్‌ని ఇక కొట్టేయరు. దానికి బదులు "జిరాక్స్ తీశాం" అని కొత్త టిక్ పెడతారు. పేజీ ఇచ్చేముందు, చేతిలో ఉన్నది నిజంగా ఆ జిరాక్సేనా అని మళ్లీ చెక్ చేస్తారు. అయిపోయిందా? లేదు. 2017 నవంబర్‌లో ఇంకో లోపం బయటపడింది. 4 కేబీ పేజీల కోసం రాసిన ఆ ఫిక్స్, 2 ఎంబీ ఉండే హ్యూజ్ పేజీల దారిలో సరిగ్గా పనిచేయలేదు. దానికి హ్యూజ్ డర్టీ కౌ అని పేరొచ్చింది, ఇంకో ప్యాచ్ వచ్చింది. అందుకే ఇందాక చెప్పా, ప్రతి దారీ రూల్ పాటించాలని.

"అన్నా, అన్నిటికీ కలిపి ఒక పెద్ద లాక్ వేసేయొచ్చు కదా?" అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. వేయొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాట్ తలుపు తీయాలన్నా వాచ్‌మన్ దగ్గరున్న ఒకే తాళంచెవి తీసుకోవాలంటే సేఫే. కానీ పొద్దున ఆఫీస్ టైమ్‌లో లిఫ్ట్ దాకా క్యూ ఉంటుంది. లినక్స్‌లో ప్రతి ప్రాసెస్ మెమరీ మ్యాప్‌కీ ఎమ్‌మ్యాప్ లాక్ అని అలాంటి ఒకటి ఉంది. యాప్ ఓపెన్ అయ్యేటప్పుడు చాలా థ్రెడ్‌లు దానికోసం ఆగాల్సి వచ్చేది. అందుకే 2023లో వచ్చిన 6.4 వెర్షన్‌లో, మెమరీలో ఒక్కో ఏరియాకి వేరే లాక్ ఉండే పద్ధతి తెచ్చారు. అంటే ఫ్లాట్‌కో తాళం. స్పీడ్ పెరిగింది, కానీ తాళాలు ఎక్కువైతే లెక్క కూడా కష్టమవుతుంది. అదే ఏడాది స్టాక్‌రాట్ అనే ఇంకో రేస్ బయటపడింది. అది 6.1 నుంచి 6.4 దాకా, ఇదే ఏరియాల లిస్టుని దాచుకునే కొత్త మేపుల్ ట్రీలో ఉంది. ఈ పోటీ అయిపోయేది కాదు.

వెతికే పద్ధతులూ పెరిగాయి లెండి. 5.8 వెర్షన్ నుంచి కెర్నల్‌లో కేసీశాన్ అని ఒక టూల్ ఉంది. అది ఒక మెమరీ అడ్రస్ మీద కన్నేసి, కావాలనే కాసేపు ఆగి, ఈలోపు ఇంకెవరైనా వచ్చి దాన్ని ముట్టుకున్నారా అని చూస్తుంది. కర్చీఫ్ లేని సీటు దగ్గర నిలబడి, ఎవరు వచ్చి కూర్చుంటారో కాపు కాయడం లాంటిది.

ఇప్పుడు మన ఫోన్ల సంగతి. డర్టీ కౌకి కెర్నల్ ఫిక్స్ 2016 అక్టోబర్‌లోనే వచ్చింది. ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్‌లలోకి ఆ ఏడాది చివరికల్లా వచ్చేసింది. అయినా 2017 సెప్టెంబర్‌లో ట్రెండ్ మైక్రో సంస్థ జడ్‌ఎన్‌ఐయూ అనే మాల్వేర్ గురించి రిపోర్ట్ ఇచ్చింది. డర్టీ కౌ వాడి ఆండ్రాయిడ్ ఫోన్లని రూట్ చేసే మాల్వేర్. 40కి పైగా దేశాల్లో కనిపించింది. 5,000 మందికి పైగా బాధితుల్ని గుర్తించారు, వాళ్లలో ఎక్కువమంది చైనాలో, మన ఇండియాలో. మాల్వేర్ ఉన్న యాప్‌లు 1,200 పైనే. చైనాలో ఎస్సెమ్మెస్ పేమెంట్ల ద్వారా డబ్బులు కూడా లాగింది.

ఫిక్స్ వచ్చిన దాదాపు ఏడాదికి ఇది! ఎందుకు? కెర్నల్‌లో పెట్టిన ఫిక్స్ గూగుల్ దగ్గరికి రావాలి, చిప్ కంపెనీ దగ్గరికి వెళ్లాలి, ఫోన్ కంపెనీ తన మోడల్‌కి కలిపి టెస్ట్ చేసి పంపాలి. గూగుల్, క్వాల్‌కామ్ రెండిటికీ మన హైదరాబాద్‌లోనే పెద్ద ఆఫీసులున్నాయి. రోజూ ప్రగతి నగర్ నుంచి హైటెక్ సిటీ వైపు వెళ్లే ట్రాఫిక్‌లో ఈ చైన్‌లో పనిచేసేవాళ్లూ ఉంటారు. చైన్‌లో చివరి మనిషి మాత్రం మీరే. అప్‌డేట్ నోటిఫికేషన్ వస్తే "తర్వాత చూద్దాం" నొక్కేది మనమే కదా. ప్యాచ్ బయటికి వచ్చిందంటే బగ్ ఎక్కడుందో దాడి చేసేవాడికీ తెలిసిపోయినట్టే. అక్కడినుంచి మీ ఫోన్‌కి ఎవరు ముందు వస్తారు, వాడా, అప్‌డేటా అన్నది కూడా ఒక రేసే.

ఇప్పుడు ఫోన్ తీయండి. సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్. అక్కడ సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. మీ ఫోన్‌కి ఫిక్స్‌లు ఎప్పటిదాకా అందాయో చెప్పే తేదీ అదే. మీ తర్వాత అమ్మ ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో చూడండి. మనం కొత్తది కొనుక్కుని పాతది ఇంట్లో ఇస్తాం, అప్‌డేట్లు ఆగిపోయిన ఆ ఫోన్‌లోనే వాళ్ల బ్యాంక్ యాప్ ఉంటుంది.

ఇంకో మాట. డర్టీ కౌ లాంటి బగ్ వాడాలంటే ముందు ఏదో ఒక యాప్ మీ ఫోన్‌లోకి రావాలి. పెళ్లి పత్రిక అనీ, ట్రాఫిక్ చలాన్ అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఓపెన్ చేయొద్దు అనేది అందుకే. వాటిలో చాలావాటికి కెర్నల్ బగ్ కూడా అక్కర్లేదు, మీరు ఇచ్చే పర్మిషన్లే సరిపోతాయి. పాత కెర్నల్ ఉన్న ఫోన్‌లో అయితే ఆ పర్మిషన్ కూడా అడగకుండా పని కానిచ్చేసేవి ఉండొచ్చు.

కోడ్ రాసేవాళ్లకి చిన్న హోమ్‌వర్క్. సీలో రెండు థ్రెడ్‌లు పెట్టి, ఒకే కౌంటర్‌ని ఒక్కొక్కటి పది లక్షలసార్లు పెంచండి. లాక్ లేకుండా ఒకసారి, లాక్‌తో ఒకసారి నడపండి. లాక్ లేనప్పుడు 20 లక్షలు వచ్చిందా, ఎంత తగ్గింది, లాక్ పెడితే ఎంత టైమ్ పెరిగింది, కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ నంబర్లు పట్టుకునే లాక్‌ల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ తేదీ మాత్రం మర్చిపోకుండా చూడండి. ఉంటాను మరి, నమస్తే.