ఊరి వృద్ధులకు ఊరిలోనే ఆశ్రయము

(అమరాపురమున చేసిన ఉపన్యాస పాఠము)



వృద్ధాశ్రమమను మాట వినిన తోడనే మనలో కొందఱు చెవులు మూసికొందురు. కన్నవారిని ఇల్లు దాటించుట మన సంప్రదాయము కాదందురు. ఆ మాటలోని అభిమానమును మేము గౌరవింతుము. కాని అభిమానము అన్నము వండిపెట్టదు. రాత్రివేళ మంచము దిగలేని ముదుసలికి చేయూత నీయదు. కొడుకులు బెంగుళూరిలో, కోడండ్రు అచటనే, మనుమల చదువులును అచటనే. మన అమరాపురము, మడకశిర ప్రాంతములలో ఎన్నో యిండ్లకు కాపుగా మిగిలినవారు ముసలివారే. తలుపు వెనుక ఒంటిగానున్న అవ్వ యేమి తిన్నదో, మందు మ్రింగినదో లేదో పొరుగువారికే తెలియని దినములు గలవు. దీనిని సంప్రదాయమని యెవ్వరనగలరు?

చట్టమేమి చెప్పుచున్నదో మొదట చూతము. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. బిడ్డలు పోషింపనిచో తల్లిదండ్రులు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ చట్టపు 19వ సెక్షనున ఆశ్రమముల ప్రసక్తి గలదు. జిల్లాకొకటికి తగ్గకుండ, 150 మంది నిరుపేద వృద్ధులకైనను చోటు చాలునట్లు, రాష్ట్ర ప్రభుత్వము క్రమక్రమముగా వానిని స్థాపింపవచ్చునని యందున్నది. స్థాపింపవచ్చుననియే గాని స్థాపింపవలయునని లేదు. ఈ రెండు మాటల నడుమ ఎందఱి వార్ధక్యము గడచిపోవునో మీరే యూహింపుడు.

స్థాపించినారనియే యనుకొందము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణము పుట్టపర్తి. జిల్లా కంతటికి ఒక్క ఆశ్రమమున్నచో అది అచటనో, మఱియొక పట్టణముననో యుండును. కర్ణాటక సరిహద్దుననున్న మన యూరి అవ్వ మడకశిర దాటి, పెనుకొండ దాటి పోయి, 150 మంది క్రొత్తవారి నడుమ ఒక మంచమునకు పరిమితము కావలసివచ్చును. తెలుగును కన్నడమును కలిసిన తన పలుకు, రాగిసంగటి, ఊరి దేవర, సాయంకాలమున పలుకరించు ఇరుగుపొరుగు, ఇవియన్నియు ఒక్కనాడే దూరమగును. కడుపు నిండినను మనసు నిండదు.

కావున మేము కోరునది చిన్న యిల్లు. ఎనిమిది, పదిమంది వృద్ధులు, ఒక వంటయిల్లు, ఒక వసారా, రాత్రింబవళ్లు వంతులవారీగా కనిపెట్టుకొనియుండు పరిచారకులు. అది ఊరి నడుమ నుండవలయును. ఇది వట్టి కల గాదు. జపానులో మతిమఱుపు వ్యాధి సోకిన వృద్ధులకు, ఒక్కొక్క విభాగమున 5 మొదలు 9 మంది మాత్రమే యుండు గృహములు నడచుచున్నవి. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు టుపెలో పట్టణమున 2003లో పెద్ద ఆశ్రమమునకు బదులు పదిమందికొక యిల్లు చొప్పున కట్టి చూపిరి. మనకు మాత్రమిది క్రొత్తయా? గోదావరి సీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) తమ యింటనే ఆకలిగొని వచ్చినవారికి అన్నము పెట్టిరి. ఆ సేవకు ఇల్లును పొయ్యియు చాలినవి.

ధనమెట్లందురా? 2024 జూలై మొదలు ఆంధ్రప్రదేశమున వృద్ధాప్యపు పింఛను నెలకు 4,000 రూపాయలు. ఎనిమిదిమందివి కలిసిన 32,000. వారు సమ్మతించి అందు సగమిచ్చినచో వంట ఖర్చునకు 16,000 రూపాయలగును. మిగిలిన సగము ఎవరిది వారి చేతిలోనే యుండవలయును. చేతిలో నాలుగు డబ్బులున్న ముదుసలికే మాట చెల్లును. పరిచారకుల జీతములు దీనితో గడవవు. అవి దూరమున ఆర్జించుచున్న బిడ్డలును, ఊరివారును పంచుకొనవలసిన భారము. దేవరకు ఇంటింట చందా వేసికొను గ్రామమునకు ఇది అసాధ్యము గాదు.

చిన్న యింటను ప్రమాదము గలదు. తలుపు మూసినచో లోపల జరుగునది పరులకు తెలియదు. కావున మూడు నియమములు వలయును. పగటివేళ ఏ గ్రామస్థుడైనను ముందుగా చెప్పకయే వచ్చి చూడవచ్చును. నెలనెల జమాఖర్చులు పఠనమందిరపు గోడపై అంటింపవలయును. చేరువారినుండి భూమి గాని, యిల్లు గాని వ్రాయించుకొనరాదు. బిడ్డలకు ఆస్తి దానమిచ్చువారు కూడ పోషణ షరతును పత్రమున స్పష్టముగా వ్రాయించుడు. అట్లు వ్రాయించినచో, ఆ షరతు తప్పిననాడు దానమును రద్దు చేయించుకొను మార్గము ఆ చట్టపు 23వ సెక్షనున గలదు.

ఈ యిల్లు బిడ్డల ఋణమును మాపునది కాదు. వారు రావలయును, కూర్చుండవలయును, మాటాడవలయును. ఊరిలోనున్న యింటికి వచ్చిపోవుట వారికిని సులభము.

1947లో స్వరాజ్యము వచ్చినది. ఊరి బాగు ఊరివారి చేతులలో నుండుటయే దాని యర్థమైనచో, ఊరి వృద్ధుల బాగును అందు చేరినదే. బిడ్డలు వలసపోగా తాళములు పడిన యిండ్లు మన వీధులలో కొఱవడలేదు. వానిలో నొకదానిని యజమానుని యనుమతితో తెఱచి, సున్నము కొట్టించి, మొదట నలుగురికైనను ఆశ్రయమిండు. ఇందుకు మనకు కావలసినది మనసొక్కటే.