మిద్దెపై గ్రద్ద, మఱచిన రాబందు



హైదరాబాదు పాతనగరమున, చార్మినారు చెంత, మొఘల్‌పురా మిద్దెలపై పెద్దరెక్కల పక్షులు సుడులు తిరుగును. చూచువారు రాబందులని భ్రమింతురు. తోక చివర చీలియుండిన నది నల్లగ్రద్ద. రాబందు తోక పొట్టి, మెడపై నీకలు పలుచన.

సీతకొఱకు ప్రాణమొడ్డిన జటాయువు కులమునకు మానవుడు చేసిన ప్రత్యుపకార మెట్టిది? పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరముల ద్వారా రాబందులకు చేరి మూత్రపిండములను చెఱచెను. ఈ కారణము 2004లో వెల్లడియయ్యెను. 2006లో ప్రభుత్వము పశువైద్యమున నా మందును నిషేధించెను. అప్పటికే దేశమున తెల్లవీపు రాబందులు నూటికి తొంబదికి పైగా నశించెను.

పాతనగరమునకు చేరువనున్న నెహ్రూ జంతుప్రదర్శనశాలలో వాని సంతానవృద్ధికి యత్నము ఆరంభమైనది. రైతు సోదరుల వంతు స్వల్పము: పశువునకు నొప్పిమందు కావలసినపుడు, రాబందులకు హానిచేయని మెలాక్సికామ్‌ను వైద్యుని అడుగుడు. జటాయు ఋణము తీరుటకు అదియే తొలిమెట్టు.