చల్లారిన బల్బు

పట్టాలు అందుకున్న పిల్లలకూ, వాళ్లకంటే ఎక్కువ మురిసిపోతూ వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలకూ అభినందనలు. మర్యాదలు అయిపోయాయి.

నేను సినిమా హాళ్ల క్యాబిన్లలో బతికినవాణ్ని. కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసే రోజుల్లో హెల్పరుగా చేరాను. సుమారు 20 నిమిషాలకో రీలు మార్చాలి. కాస్త ఆలస్యమైతే హాలంతా మా వంశాన్ని తలుచుకునేది. తర్వాత జినాన్ బల్బులొచ్చాయి, ఆ తర్వాత డిజిటల్. రీళ్లు మోసే బాధ తప్పింది గానీ బల్బు భయం మాత్రం పోలేదు.

లేజర్లు వస్తున్నా, ఇంకా ఎన్నో హాళ్లలో వెలుగు జినాన్ బల్బుదే. క్వార్ట్జ్ గాజు బుడగలో జినాన్ వాయువును కుక్కి పెడతారు. వెలిగించకముందే లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు 10 రెట్లు, అంటే మీ మోటారు సైకిల్ టైరు గాలికి సుమారు నాలుగు రెట్లు. వెలిగితే ఇంకా పెరుగుతుంది. అందుకే వేడి బల్బంటే అందరికీ భయం. నా దిగులంతా చల్లారిన బల్బు మీద.

ఒకసారి ముందురోజు రాత్రి ఆపేసిన ప్రొజెక్టర్‌లో పొద్దున్నే బల్బు మారుస్తున్నాను. ఎండాకాలం. చెమట కారుతోందని ముఖం షీల్డును నెత్తి మీదికి తోశాను. స్క్రూ బిగుసుకుపోయింది. బలంగా తిప్పబోతే స్పానర్ జారి గాజుకు తగిలింది. టపాసు పేలినట్టు చప్పుడు. మణికట్టు పైన ఏడు కుట్లు పడ్డాయి. కళ్లు దక్కింది తెలివివల్ల అనుకునేరు, ఆ క్షణాన హెల్పరు పిలిస్తే అటు తల తిప్పాను, అంతే. నవ్వుతున్నారా ఆ మూడో వరుసలో? నవ్వండి నాయనా, ముందు ఆ సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వండి.

ఇప్పుడు ఒంటి తెర హాళ్లు చాలా చోట్ల ఫంక్షన్ హాళ్లవుతున్నాయి, వాటిలోని ప్రొజెక్టర్లను విప్పాల్సి వస్తోంది. ఓనరుకు తొందర, పాత సామాన్లవాడికి సుత్తి. విప్పడం అంటే పగలగొట్టడం అనుకుంటారు! మన అలంపూర్‌లో ఉండి ఆ మాట అనొచ్చా? శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి ఊడదీసి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తు లేకుండా అయ్యే పనేనా అది?

ప్రొజెక్టర్‌కూ ఒక వరస ఉంది. బల్బు ఆర్పాక కనీసం 10 నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వండి. తర్వాత మెయిన్ తీసేయండి. కెపాసిటర్లలో కరెంటు దిగిపోయేదాకా ఆగండి. జాకెట్, గ్లవ్స్, షీల్డు వేసుకున్నాకే తలుపు తెరవండి. అన్నిటికంటే ముందు బల్బు బయటికి రావాలి, రాగానే దాని తొడుగులోకి, పెట్టెలోకి పోవాలి. పాడైన బల్బును చెత్తకుప్పలో పడేస్తే, అది ఏరుకునేవాళ్ల చేతిలో పేలొచ్చు.

డిజిటల్ ప్రొజెక్టర్‌లో సినిమా రహస్య తాళాలు దాచుకునే మీడియా బ్లాకు సంగతి కూడా చెప్పాలి. శుభ్రం చేద్దామని ఒక ఆదివారం దాని మూత విప్పాను. దొంగలు పడ్డారనుకుని అది లోపలి తాళాలన్నీ చెరిపేసుకుంది. మ్యాట్నీ లేదు, ఫస్ట్ షో లేదు. కింద అభిమానులు, చేతుల్లో చించిన కాగితాలు. వెనక మెట్ల మీంచి దిగి పారిపోయాను.

ప్రిన్సిపల్ గారు గడియారం చూస్తున్నారు. ఆ బల్ల మీద నా జాకెట్, షీల్డు పెట్టాను. భోజనానికి వెళ్లేముందు ఒక్కొక్కరే వచ్చి తొడుక్కుని ఐదు నిమిషాలు నిలబడండి. చెమట పడుతుంది. తీయబోకండి.