ఎండుటాకు కాదు, గొల్లభామ



సోమరిని చీమ దగ్గరకు వెళ్ళి నేర్చుకొమ్మన్నాడు సొలొమోను. ఈ ఉదయం మనం గొల్లభామ దగ్గరకు వెళ్దాం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో తోటలున్నవారు ఈ పురుగును చూసే ఉంటారు. ముందుకాళ్ళు రెండూ జోడించి ప్రార్థిస్తున్నట్టు నిలబడుతుంది. దీనికున్న మాంటిస్ అనే పేరు గ్రీకు మాట. ప్రవక్త అని దాని అర్థం. అయితే ఆ చేతులు ప్రార్థనకు కావు. ముళ్ళున్న ఆ కాళ్ళతో ఈగనో మిడతనో రెప్పపాటులో ఒడిసిపడుతుంది.

మరి దాన్ని తినడానికి పగలు కాకి, తొండ, రాత్రి గబ్బిలం కాచుకొని ఉంటాయి. వాటినుండి ఎలా తప్పించుకుంటుంది? మూడు సంగతులు గమనించండి.

మొదటిది, కనబడకుండా ఉండడం. దక్షిణ భారతంలోను శ్రీలంకలోను ఒక రకం గొల్లభామ ఉంది. పొడవైన సన్నని మెడ, కాళ్ళకు ఎండుటాకు ముక్కల వంటి రేకులు. గాలికి ఆకు ఊగినట్టే తానూ ఊగుతుంది. లూథరన్ పాదిరి కుమారుడైన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు.

రెండవది, ఎదురు నిలవడం. పెద్ద పచ్చ గొల్లభామ తన జాడ తెలిసిపోతే లేచి, ముందుకాళ్ళు బారచాపి, రెక్కలు విప్పుతుంది. ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. వచ్చిన తొండ ఒక్క క్షణం జంకితే దానికి చాలు.

మూడవది, వినడం. చాలా రకాల గొల్లభామలకు రొమ్ము అడుగున ఒకే ఒక చెవి ఉంటుంది. యేగర్, హోయ్ అనే శాస్త్రవేత్తలు 1986లో దీన్ని లోకానికి తెలిపారు. మన చెవికి అందని గబ్బిలం కూత విని, ఎగురుతున్న పురుగు చటుక్కున నేలవైపు దిగిపోతుంది.

ఇన్ని ఉపాయాలున్నా మనం కొట్టే పురుగుమందు ముందు ఇది నిలవలేదు. మందుకు ఆకు వేరు, ఆకులా ఉన్న ప్రాణి వేరు కాదు. కొబ్బరికి తెల్లదోమ వచ్చిన తరువాత ఈ మాట రైతులు మరీ ఆలోచించవలసినది. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంవారు మిత్రపురుగులను పెంచుతున్నది ఇందుకే. మందు కొట్టేముందు అక్కడివారిని అడగండి. కొమ్మకు ఎండిన నురగముద్దలా గుడ్లగూడు కనబడితే గోకి పారవేయకండి.

ప్రియులారా, కదలనిదంతా ఎండుటాకు కాదు. మన ఇంట్లో, మన సంఘంలో బాధను దాచుకొని మౌనంగా కూర్చున్నవారు ఉంటారు. ఈ వారం అటువంటి ఒక్కరినైనా గుర్తించి పలకరించే చూపు దేవుడు మీకు అనుగ్రహించును గాక.